ఫ్రెంచ్ పనోరమిక్ రైలుకారు ఎక్స్ 4200: హెచ్‌ఓ నమూనా తయారీలో గాజు పైకప్పు దగ్గర ఆగిపోయాను

#1 గాజుపెట్టె (విజయనగరం)

మిత్రులందరికీ నమస్కారం. చాలా నెలలుగా మనసులో నలుగుతున్న పని ఈ వారం మొదలుపెట్టాను. ఫ్రాన్స్ జాతీయ రైల్వే ఎస్‌ఎన్‌సీఎఫ్ కోసం రెనో సంస్థ 1959లో కట్టిన ఎక్స్ 4200 రైలుకారును 1:87 నిష్పత్తిలో, అంటే హెచ్‌ఓ స్కేలులో, సొంతంగా చేస్తున్నాను.

దీని గురించి వినని వారికోసం రెండు మాటలు. రైలుకారు అంటే ఇంజిను, ప్రయాణికుల గది ఒకే పెట్టెలో ఉండే బండి. ఫ్రెంచివాళ్ళు దీన్ని ఓతొరాయ్ అంటారు. రెండు కొసల్లోనూ డ్రైవరు గది ఉంటుంది కాబట్టి చివరి స్టేషన్లో ఇంజిను మార్చి తగిలించే పని లేదు. ఎక్స్ 4200లో విశేషమంతా నడిమి భాగంలో ఉంది. రెండు కొసలూ మామూలు ఎత్తులోనే ఉంటాయి, మధ్యలో ఒక గది మాత్రం పైకి లేచి ఉంటుంది. దాని అద్దాలు పక్కన ఆగకుండా పైకప్పులోకి వంగి వెళ్తాయి. అందులో కూర్చుంటే కొండ శిఖరం చూడటానికి మెడ వంచి కిటికీలోంచి తొంగి చూడనక్కరలేదు. ఇలాంటివి చేసింది పదే పది, 4201 నుంచి 4210 వరకు. 825 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిను, విద్యుత్ ట్రాన్స్‌మిషన్, అంటే ఇంజిను జనరేటరును తిప్పితే ఆ కరెంటుతో మోటార్లు చక్రాలను తిప్పుతాయి. కింద ఎరుపు, పైన మీగడ రంగు. 1985 నాటికి అన్నీ సేవ నుంచి తప్పుకున్నాయి.

అసలు బండి పొడవు 27.73 మీటర్లు. 87తో భాగిస్తే 31.9 సెంటీమీటర్లు. పెట్టె అడుగు, పక్కలు ప్లాస్టిక్ షీటుతో కోసి అతికించాను, తిన్నగానే వచ్చాయి. గాజు గది దగ్గర చెయ్యి ఆగిపోయింది. విమానం బొమ్మలకు అద్దాలు చేసిన అనుభవం ఉన్నవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

#2 రెండుపట్టాలు (హైదరాబాద్)

గాజుపెట్టె గారూ, మంచి పని ఎత్తుకున్నారు. ఒక సందేహం. ఐరోపాలో దీని నమూనాలు ఎప్పుడో వచ్చాయి, పాతవి అక్కడి సంతల్లో దొరుకుతాయి. తెప్పించుకుంటే సరిపోదా?

#3 గాజుపెట్టె

కొనవచ్చు. కొన్నవాళ్ళను తక్కువ చేయను, నా బీరువాలో కొన్న బండ్లే ఎక్కువ. అయితే ఈ ఒక్క బండి విషయంలో నాకొక పట్టుదల ఉంది. బల్ల మీద పెట్టిన నమూనా రైలును మనం ఎటునుంచి చూస్తాం? పైనుంచి. పక్కనుంచి చూడాలంటే వంగాలి, వంగేవాళ్ళు తక్కువ. అంటే మామూలు పెట్టె నమూనాలో మనకు ఎక్కువగా కనిపించేది పైకప్పు రేకు. లోపల సీట్లున్నా లేకపోయినా ఎవరికీ పట్టదు. ఈ బండిలో పైకప్పే అద్దం. పైనుంచి చూసే కన్ను తిన్నగా లోపలి సీట్ల మీద పడుతుంది. పాత నమూనాల్లో అద్దం దళసరిగా, కాస్త పసుపెక్కి, లోపల మోటారు కనబడుతూ ఉంటుంది. అసలు బండిని ఏ ఉద్దేశంతో కట్టారో ఆ ఉద్దేశమే అక్కడ పోయింది. అందుకే ముందు లోపలి గది పూర్తిచేసి, దాని చుట్టూ బండి కడదామని నా ఆలోచన.

#4 లియోన్‌లో తెలుగువాడు

ఈ శీర్షిక చూసి చాలా సంతోషం వేసింది. నేను ఫ్రాన్స్‌లోనే ఉంటాను. ఈ రైలుకార్లు తిరిగిన సెవెన్ అనే కొండల దారిలో రెండుసార్లు ప్రయాణం చేశాను. ఇప్పుడు అక్కడ మామూలు ప్రాంతీయ రైలే నడుస్తుంది.

ఆ దారి క్లెర్మాఁ-ఫెరాఁ నుంచి దక్షిణాన నీమ్ వరకు, సుమారు 300 కిలోమీటర్లు. మొత్తం మార్గం 1870లో పూర్తయింది. లాంజాక్ దాటాక రైలు అలియే నది లోయలోకి దిగుతుంది. లాంగోన్య వచ్చేదాకా అదే లోయ. కొన్ని చోట్ల పక్కన రోడ్డు కూడా ఉండదు. ఒక వైపు నది, ఒక వైపు రాయి, మధ్యలో ఒకే ఒక పట్టాల జత. ఆ ఒక్క భాగంలోనే యాభైకి పైగా సొరంగాలు. వెలుగులోకి వచ్చి కన్ను సర్దుకునేలోపు మళ్ళీ చీకటి. షపోరూ అనే చిన్న ఊరి దగ్గర 28 కమానుల రాతి వంతెన ఒంపు తిరిగి ఉంటుంది. ఆ ఒంపులో మన రైలు ముందు భాగం మనకే కనిపిస్తుంది.

లా బస్తీద్ దగ్గర దారి వెయ్యి మీటర్ల ఎత్తు దాటుతుంది. అక్కడినుంచి దిగుడు. దిగేకొద్దీ చెట్లు మారుతుంటాయి. పైన చల్లటి అడవి, తర్వాత చెస్ట్‌నట్ తోపులు, అలెస్ చేరేసరికి మధ్యధరా ప్రాంతపు పొడి నేల, తెల్లటి ఎండ. ఒక్క పూటలో రెండు దేశాలు చూసినట్టు ఉంటుంది.

నేను కూర్చున్న బండిలో కిటికీ పై అంచు సరిగ్గా నా కనుబొమల ఎత్తుకు ఉంది. లోయ గోడ పైభాగం చూడాలంటే చెంప అద్దానికి ఆనించాల్సి వచ్చింది. గాజుపెట్టె గారు చెప్పిన మధ్య గది విలువ నాకు అప్పుడే తెలిసింది. సెవెనోల్ అనే పేరుతో మార్సెయ్ దాకా వెళ్ళే రైలుగా ఈ పనోరమిక్ బండ్లను నడిపింది ఈ దారిలోనే.

#5 రెండుపట్టాలు

బాగా చెప్పారు. ఇంకో పేరుగల రైలు కూడా ఉండేది కదా, అల్‌పజూర్. గ్రెనోబుల్ నుంచి ఆల్ప్స్ మీదుగా నీస్ దాకా ఈ బండే నేరుగా వెళ్ళేదని విన్నాను.

#6 లియోన్‌లో తెలుగువాడు

పేరు సరే, నేరుగా అన్నది మాత్రం సరికాదు. ఎక్స్ 4200 నడిచేది 1,435 మిల్లీమీటర్ల ప్రామాణిక గేజ్ మీద (గేజ్ అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు). అది గ్రెనోబుల్ నుంచి కొండలెక్కి దిగి దీన్య అనే ఊరి దాకా వచ్చేది. దీన్య నుంచి నీస్ వరకు ఉన్న 151 కిలోమీటర్ల దారి మీటర్ గేజ్, వేరే సంస్థది. ప్రయాణికులు దీన్యలో దిగి పక్కనున్న చిన్న రైలు ఎక్కాలి. రెండూ కలిపి ఒక ప్రయాణంగా అమ్మేవారు, అందుకే ఆ పొరపాటు చాలామంది చేస్తారు. ఆ మీటర్ గేజ్ దారి నేటికీ ఉంది. ప్రామాణిక గేజ్ మీద దీన్యకు వచ్చే రైళ్ళు మాత్రం 1989లో ఆగిపోయాయి.

#7 మీటర్‌గేజ్ మనిషి (గుంతకల్లు)

దీన్య స్టేషన్ సంగతి చదువుతుంటే మా పాత గుంతకల్లు గుర్తొచ్చింది. ఒక వైపు బ్రాడ్ గేజ్, ఒక వైపు మీటర్ గేజ్. పెట్టెలూ బేడలూ నెత్తిన పెట్టుకుని, పిల్లల చేతులు పట్టుకుని ఇటునుంచి అటు పరుగెత్తే జనం. మా నాన్నగారు నన్ను భుజాన వేసుకుని దాటించారు.

అసలు విషయానికి వస్తే, నాకు తెలిసి ఈ గాజు గది ఆలోచన అమెరికా నుంచి తీసుకున్నది. అక్కడి డోమ్ పెట్టెలను, అంటే పైకప్పు మీద గాజు గుమ్మటం ఉన్న పెట్టెలను చూసి ఫ్రెంచివాళ్ళు అలాగే చేశారు.

#8 గాజుపెట్టె

ఆ మాటను సగమే ఒప్పుకుంటాను. అమెరికాలో బర్లింగ్‌టన్ రైల్వే 1945లో సిల్వర్ డోమ్ అనే పెట్టెను నడిపింది, ఆ తర్వాత అక్కడ డోమ్ పెట్టెలు వరసగా వచ్చాయి. ఆ పేరు ఐరోపాకూ పాకింది, నిజమే. అయితే అంతకు పదేళ్ళ ముందే, 1935లో, జర్మనీలో గాజు రైలు అని ఒక విద్యుత్ రైలుకారు తిరిగింది. చుట్టూ అద్దాలు, పైన కూడా అద్దాలు. రెండే కట్టారు. ఒకటి యుద్ధంలో పోయింది. రెండోది 1995లో జరిగిన ప్రమాదంలో బాగా దెబ్బతింది.

ఇంకో తేడా కూడా చూడండి. అమెరికా డోమ్ ఇంజిను లాక్కెళ్ళే పెట్టె. దాని కింద ఎంత బరువున్నా ముందున్న పెద్ద ఇంజిను చూసుకుంటుంది. ఎక్స్ 4200లో ఇంజిను, జనరేటరు, డ్రైవరు గదులు, మామూలు సీట్లు, ఎత్తైన గాజు గది అన్నీ ఒకే పెట్టెలో ఇమడాలి. అదీ దేశంలోని సొరంగాల కొలతలు దాటకుండా. ఎవరినో చూసి చేశారనడం కంటే, ఆ చిక్కును ఎలా విప్పారో చూస్తే మనకు ఎక్కువ తెలుస్తుంది.

పైగా ఫ్రాన్స్‌లో రైలుకార్లకు వాళ్ళ సొంత వంశవృక్షం ఉంది. 1931 నుంచి మిషెలాఁ సంస్థవి రబ్బరు టైర్లతో పట్టాల మీద నడిచాయి. 1933లో బుగట్టి తన ఖరీదైన కార్ల ఇంజిన్లు రైలుకార్లలో పెట్టి, డ్రైవరును పైకప్పు మధ్యలో ఒక చిన్న గూటిలో కూర్చోబెట్టాడు. 1950 నుంచి వచ్చిన ఎక్స్ 3800లో కూడా డ్రైవరు గూడు పైకప్పు మీదే ఉంటుంది, కాస్త ఒక పక్కకు ఒరిగి. పికాసో బొమ్మల్లోని ముఖాల్లా ఉందని జనం దాన్ని పికాసో అని పిలిచారు, ఆ పేరే నిలిచింది. వాటిని 251 చేశారు. డ్రైవరును పైకెక్కించిన దేశంలో చివరికి ప్రయాణికుణ్ణి కూడా పైకెక్కించారు. నాకు ఈ వరస చాలా ఇష్టం.

#9 లియోన్‌లో తెలుగువాడు

బుగట్టి బండి ఒకటి ములూజ్ నగరంలోని రైలు మ్యూజియంలో ఉంది, చూశాను. కిందినుంచి ఆ గూటివైపు చూస్తే ఒక మనిషి అందులో కూర్చుని బండి నడిపాడంటే నమ్మబుద్ధి కాదు.

#10 చిన్నచక్రం (బెంగళూరు)

కుర్రవాణ్ణి, కొత్త సభ్యుణ్ణి, తప్పుంటే మన్నించండి. మా ఇంట్లో వేసిన పట్టాల ఒంపు వ్యాసార్ధం 36 సెంటీమీటర్లు. 32 సెంటీమీటర్ల బండి అందులో తిరుగుతుందా?

#11 గాజుపెట్టె

మంచి ప్రశ్న, ఇందులో మన్నింపు ఎందుకు బాబూ. తిరుగుతుంది, కానీ చూడటానికి బాగుండదు. లెక్క చెబుతాను. ఒంపులో పొడుగు పెట్టె మధ్యభాగం పట్టాల మధ్యరేఖ నుంచి లోపలికి జరుగుతుంది. ఎంత జరుగుతుందంటే, రెండు బోగీల (ఇక్కడ బోగీ అంటే పెట్టె కింద తిరిగే చక్రాల చట్రం) నడిమి దూరాన్ని దానితోనే గుణించి, వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించాలి. బోగీల నడుమ 20 సెంటీమీటర్లు అనుకుందాం. 400ను 288తో భాగిస్తే దాదాపు 1.4 సెంటీమీటర్లు. హెచ్‌ఓ పట్టాల మధ్య వెడల్పే 1.65 సెంటీమీటర్లు! అంటే పెట్టె నడుము ఇంచుమించు పట్టాల వెడల్పంత పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. ఒంపు లోపలి పక్కన సిగ్నల్ స్తంభం ఉంటే తగులుతుంది. వ్యాసార్ధం 60 సెంటీమీటర్లు చేస్తే అదే లెక్కకు 0.8 వస్తుంది. వీలైతే ఆ 60కి వెళ్ళండి.

#12 చిన్నచక్రం

చాలా ధన్యవాదాలు. మంచం కింద ఇంకా చోటుంది. ఈ ఆదివారం పట్టాలు విప్పి మళ్ళీ వేస్తాను.

#13 విమానాల వీధి (విశాఖపట్నం)

ఆలస్యంగా చూశాను. ఇరవై ఏళ్ళుగా విమానాల నమూనాలు చేస్తున్నాను, కాక్‌పిట్ అద్దాలు వందకు పైగా చేసి ఉంటాను. గాజుపెట్టె గారూ, ఒక్కో అద్దం కోసి ఒక్కో చట్రంలో అతికించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానండి. 1:87లో అన్ని అతుకులు ఎవరికీ శుభ్రంగా రావు. గాజు గది మొత్తాన్ని ఒకే పారదర్శక గుల్లగా తీయండి. చట్రాలను తర్వాత రంగుతో వేయండి.

పద్ధతి ఇది. గది ఆకారాన్ని చెక్కతో అచ్చుగా చెక్కండి. ప్లాస్టిక్ మందం ఎంతో అంత తగ్గించి చెక్కాలి. షీటును ఒక చట్రంలో బిగించి ఒవెన్‌లో మెత్తబడేదాకా ఉంచండి. కింద చిల్లుల పెట్టె, దానికి వాక్యూమ్ క్లీనర్ గొట్టం, పెట్టె మీద అచ్చు. మెత్తబడ్డ షీటును అచ్చు మీద దించి, అదే క్షణంలో క్లీనర్ ఆన్ చేయండి. ప్లాస్టిక్ అచ్చును పట్టుకుంటుంది. మొత్తం మూడు నాలుగు సెకన్ల పని, చేతులు తడబడకూడదు.

సూపర్ గ్లూ మాత్రం అద్దం దగ్గరికి రానివ్వకండి. దాని ఆవిరి తగిలితే చుట్టూ తెల్లటి పొగలాంటి మరక పడుతుంది, తుడిస్తే పోదు. మామూలు తెల్ల జిగురు చాలు. ఆరితే కనబడదు.

#14 గాజుపెట్టె

ఇంతకాలం నేను వెతుకుతున్న సమాధానం ఇదే. మా వీధి చివర వడ్రంగి ఉన్నాడు, టేకు ముక్క అడిగి తెచ్చుకుంటాను. షీటుకు మిఠాయి డబ్బాల పారదర్శక మూతలు వాడవచ్చా? ఇంట్లో నాలుగున్నాయి.

#15 విమానాల వీధి

సాధనకు వాడండి, అసలు ముక్కకు వద్దు.

#16 గాజుపెట్టె (తొమ్మిది రోజుల తర్వాత)

జరిగింది జరిగినట్టు రాస్తాను, ఇంకొకరికి పనికొస్తుంది.

మొదటి మూత: వేడి చాలలేదు. అచ్చు మీద దించితే మూలల దగ్గర గుడారంలా నిలబడిపోయింది.

రెండో మూత: ఈసారి ఎక్కువ సేపు ఉంచాను. మధ్యలోంచి మొదలై షీటంతా పాలు పోసినట్టు తెల్లబడింది. ఆకారం మాత్రం చక్కగా వచ్చింది, కానీ మంచు పట్టిన కిటికీలా ఉంది.

మూడో మూత: ఆకారం సరిగ్గా వచ్చింది, పారదర్శకంగానూ ఉంది. ఆనందంతో దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే అద్దం నిండా సన్నటి గీతలు, అవి టేకు నారలు! చెక్క మీద నేను చేత్తో తడిమితే తెలియనివి ప్లాస్టిక్‌కు తెలిశాయి.

నాలుగోది ఇంకా ముట్టుకోలేదు. తెల్లబడటానికి కారణం ఏమిటి?

#17 విమానాల వీధి

మిఠాయి మూతలు ఎక్కువగా పెట్ ప్లాస్టిక్‌తో చేస్తారు. దాన్ని మరీ వేడి చేస్తే లోపల స్ఫటికాలు కట్టి తెల్లబడుతుంది, తిరిగి తేటపడదు. పెట్‌జీ అనే మరో రకం ప్లాస్టిక్ షీటు అడిగి తెచ్చుకోండి. అది అలా స్ఫటికాలు కట్టదు, కాస్త వేడి ఎక్కువైనా ఓర్చుకుంటుంది. మనది సముద్రం పక్క గాలి కాబట్టి వాడేముందు షీటును తక్కువ వేడిలో కొన్ని గంటలు ఆరబెట్టండి. తేమ ఉంటే బుడగలు లేస్తాయి.

నారల సంగతికి మందు ఓపిక. అచ్చుకు పుట్టీ పూసి ఉప్పుకాగితంతో రుద్దండి, మళ్ళీ పూసి ఇంకా సన్నటి కాగితంతో, చివరగా నీళ్ళలో తడిపిన అతి సన్నటి కాగితంతో. అచ్చులో మీ ముఖం నీడ కనిపించేదాకా ఆపకండి.

#18 దారపుబంతి (రాజమహేంద్రవరం)

నేను రైళ్ళు చేయను, బొమ్మరిళ్ళు చేస్తాను. 3వ పోస్టులో పైనుంచి చూసే కన్ను గురించి రాసింది చదివి ఇక్కడే ఉండిపోయాను. బొమ్మరిల్లు చేసేవాళ్ళకు కూడా అదే చిక్కు. పైకప్పు తీస్తే కనిపించేది తలలు, వీపులు, నేల.

సీట్లకు రంగు వేసే ముందు ఒక మాట. చిన్న వస్తువుకు అసలు రంగే వేస్తే ముదురుగా కనిపిస్తుంది. కొంచెం తెలుపు కలిపి తేల్చండి. సీటు వీపు పై అంచున ఇంకా లేత గీత ఒకటి సన్నటి కుంచెతో లాగండి, వెలుతురు అక్కడ పడినట్టు ఉంటుంది. మనుషులను అన్ని సీట్లలోనూ నింపకండి. ఇద్దరు ఒకే వైపు తల తిప్పి చూస్తుంటే, బయట ఏదో ఉందని చూసేవాళ్ళకు తెలుస్తుంది.

#19 గాజుపెట్టె

దారపుబంతి గారూ, తల తిప్పిన ఇద్దరి మాట నాకు కొత్త. తప్పకుండా చేస్తాను. దుకాణంలో దొరికే కూర్చున్న మనుషులంతా తిన్నగా ముందుకే చూస్తుంటారు. మెడ దగ్గర కోసి తల తిప్పి అతికించాలి.

#20 రెండుపట్టాలు

మోటారు ఎక్కడ పెడుతున్నారు? నా పికాసోలో మోటారు సగం గదిని మింగేసింది. కిటికీల వెనక నల్ల కాగితం అంటించి దాచాను, పైకప్పు రేకు కాబట్టి గడిచిపోయింది. మీకు ఆ దారి లేదు.

#21 గాజుపెట్టె

ఇక్కడ అసలు బండే నాకు సాయం చేసింది. గాజు గది పైకి లేచి ఉందంటే దాని నేల కూడా పైకి లేచి ఉన్నట్టే కదా. ఆ ఎత్తు నేల కింద ఖాళీ ఉంది, పక్కనుంచి చూస్తే అక్కడ పెట్టె గోడ అడ్డం. పొట్టి మోటారును పడుకోబెట్టి అందులో పెట్టాను. అక్కడినుంచి రెండు బోగీలకూ సన్నటి ఇరుసులు వెళ్తాయి. పైనుంచి చూసినా, పక్కనుంచి చూసినా మోటారు కనిపించదు. నేల అట్ట తీసి పెట్టినప్పుడు మాత్రం చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

#22 కొత్తవలస జంక్షన్

నమస్కారం. మాది కొత్తవలస, కిరండూల్ దారి మొదలయ్యే ఊరు. 2017 ఏప్రిల్‌లో విశాఖ నుంచి అరకు వెళ్ళే రైలుకు మొదటిసారి విస్టాడోమ్ పెట్టె తగిలించారు. ఆ ఏడాది వానల్లో మా అమ్మను తీసుకుని ఎక్కాను. పైన అద్దం, తిప్పుకునే సీట్లు. శివలింగపురం దాటాక సొరంగాలు మొదలయ్యాయి. మా దారి మొత్తం మీద 58 సొరంగాలు ఉన్నాయి. సొరంగంలో దూరేముందు కొండ పైనుంచి కారే నీళ్ళు అద్దం మీద పడి ధారలుగా వెనక్కి పరుగెత్తాయి. అమ్మ అలవాటుగా కొంగు నెత్తిన కప్పుకుంది, తడుస్తాననుకుని.

మీరంతా ఫ్రెంచ్ బండి గొప్పగా చెబుతున్నారు, సరే. పదే చేసి ఎందుకు ఆపేశారు? పాతికేళ్ళకే ఎందుకు పక్కన పెట్టారు? మన పెట్టె దేశమంతా వ్యాపించింది కదా.

#23 లియోన్‌లో తెలుగువాడు

అమ్మగారి కొంగు మాట చదివి కాసేపు ఆగిపోయాను. మీ ప్రశ్న సరైనది. నాకు తోచింది చెబుతాను.

పది బండ్లంటే పది బండ్లకే పనికొచ్చే విడిభాగాలు. వంపు అద్దం ఒకటి పగిలితే మరో రకం బండిది తెచ్చి పెట్టడానికి లేదు. సెలవుల్లో నిండే బండి మిగతా రోజుల్లో సగం ఖాళీగా తిరగాలి. తిరగకపోతే ఊరికే నిలబడాలి. అదే కాలంలో అదే 825 హార్స్‌పవర్ శక్తితో ఎక్స్ 2800 అనే మామూలు రైలుకార్లు 119 వచ్చాయి. అవి ఏ దారిలోనైనా, ఏ రోజైనా, వెనక మరో పెట్టె తగిలించుకుని పనిచేస్తాయి. లెక్కలు చూసే అధికారి చెయ్యి ఎటు మొగ్గుతుందో తెలుస్తూనే ఉంది. ఇక ఎండ. దక్షిణ ఫ్రాన్స్ జులై ఎండలో గాజు కప్పు కింద కూర్చోవడం ఎలా ఉంటుందో మన వాళ్ళకు వేరే చెప్పాలా?

విస్టాడోమ్‌కు ఉన్న సుఖం, అది ఏ రైలుకైనా తగిలించగల పెట్టె. అక్కరలేనప్పుడు తీసి ఇంకో దారికి పంపవచ్చు. అందుకే అది పెరిగింది. నా మనసు మాత్రం ఆ పది బండ్ల వైపే ఉంది.

#24 కొత్తవలస జంక్షన్

సమాధానం నచ్చింది. ఇంకో తేడా చెబుతాను. మా దారిలో పైన కరెంటు తీగలు ఉంటాయి. అద్దంలోంచి పైకి చూస్తే కొండకూ మనకూ మధ్య తీగలు, స్తంభాలు పరుగెడుతుంటాయి. మీ సెవెన్ లోయలో అవి ఉన్నాయా?

#25 లియోన్‌లో తెలుగువాడు

లోయ పొడవునా తీగలు లేవు. అక్కడ నేటికీ డీజిలే. పైన ఆకాశమే.

#26 మీటర్‌గేజ్ మనిషి

రంగు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ ఎరుపు ఏ ఎరుపు? ఫొటోల్లో ఒకచోట కుంకుమలా, ఒకచోట మిరపపండులా, ఒకచోట వెలిసిపోయి గులాబీలా ఉంది.

#27 గాజుపెట్టె

మూడూ నిజమే అయ్యుండాలి. పాత ఫిల్ము రంగులను అలాగే నమ్మలేం, పైగా ఎండకు ఎరుపు త్వరగా వెలుస్తుంది. కొత్తగా వచ్చిన 1959 నాటి బండిని చేస్తే నిగనిగలాడే ఎరుపు సరైనది. డెబ్బైల చివరి బండిని చేస్తే ఎరుపులో కాస్త తెలుపు, చిటికెడు గోధుమరంగు కలపాలి. నేను 1960ల వేసవిని ఎంచుకున్నాను. ముందు మీగడ రంగు వేసి, ఆరాక టేపు అంటించి, కింద ఎరుపు కొట్టాను. ఎరుపు మీద మీగడ వేస్తే కింది రంగు తొంగి చూస్తుంది.

ఇంకొకటి. పైకప్పు మీద పొగగొట్టం దగ్గర మసి కొంచెం చూపించండి, గాజు మీదికి మాత్రం రానివ్వకండి. పర్యాటకుల బండి, అద్దాలు తుడిచే బయలుదేరదీసేవారని నా నమ్మకం.

#28 విమానాల వీధి

గుల్లకు చట్రాలు వేసేటప్పుడు ఒక చిట్కా మరిచిపోకండి. ప్రతి అద్దానికీ టేపు ముక్క కోసి అంటించాక, ముందు లోపలి గది రంగు కొట్టండి. అది ఆరాక దాని మీద బయటి మీగడ రంగు కొట్టండి. టేపు తీశాక బయటినుంచి చూస్తే చట్రం మీగడ రంగులో, అద్దంలోంచి అవతలి చట్రం లోపలి వైపు చూస్తే గది రంగులో కనిపిస్తుంది. పైనుంచి చూసే మీ బండికి ఇది తప్పనిసరి.

#29 గాజుపెట్టె (మూడు వారాల తర్వాత)

పెట్‌జీతో అయిదోసారి గుల్ల వచ్చింది. అచ్చును ఏడుసార్లు రుద్దాను, వడ్రంగి చూసి దీన్ని అమ్ముతారా అని అడిగాడు. టేపు ముక్కలు కోయడానికే మూడు రాత్రులు పట్టింది. విమానాల వీధి గారు చెప్పినట్టు లోపలి రంగు, దాని మీద మీగడ. టేపు తీసేటప్పుడు ఒకచోట అంచు లేచింది, దాన్ని అగ్గిపుల్ల కొసతో గీరి సరిచేశాను. తెల్ల జిగురుతో అతికించి రాత్రంతా వదిలేశాను.

సీట్ల అంచులకు లేత గీతలు లాగాను. పదకొండు మంది ప్రయాణికులు. ఇద్దరి తలలు ఎడమ వైపు తిప్పాను, ఒక ఆవిడ, ఆమె పక్కన చిన్న పిల్ల. పిల్ల తల కోసేటప్పుడు రెండుసార్లు బల్ల కిందికి దొర్లింది.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. పట్టాల మీద బండి కదలలేదు కానీ, టార్చి పట్టుకుని దగ్గరికి వెళ్ళి చూశాను. వెలుతురు పైకప్పు అద్దంలోంచి దిగి సీట్ల వరస మీద, అక్కడినుంచి నేల మీద పడింది. టార్చిని మెల్లగా జరిపితే చట్రాల నీడలు ప్రయాణికుల మీదుగా ఒక కొస నుంచి మరో కొసకు జరిగాయి, రైలు సొరంగంలోంచి బయటికి వస్తున్నట్టు. మా ఆవిడ వెనకనుంచి వచ్చి, ఆ పిల్ల ఎటు చూస్తోంది అని అడిగింది.

#30 దారపుబంతి

ఆ ప్రశ్న కోసమే తల తిప్పమన్నాను. ఫొటో పెట్టండి, పైనుంచి తీసింది.

#31 చిన్నచక్రం

నా ఒంపు ఇప్పుడు 60 సెంటీమీటర్లు. మంచం కాళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టాను. మీ బండి బెంగళూరు వస్తే తిరగడానికి చోటుంది.

#32 గాజుపెట్టె

తప్పకుండా తీసుకొస్తాను బాబూ. ఫొటోలు రేపు పగటి వెలుగులో తీస్తాను. 4201 నుంచి 4210 వరకు ఏ అంకె వేయాలో ఇంకా తేల్చుకోలేదు. అంకెల చోటు ఖాళీగా ఉంది.